గుర్రానికి ఉప్పు ఎంత? పాలమూరు, నల్లగొండ ఎండలకు తగిన లెక్క

దక్షిణ తెలంగాణలో గుర్రాలకు పని ఎక్కువ పడేది సరిగ్గా ఎండలు ముదిరినప్పుడే. మాఘంలో మొదలైన పెళ్లిళ్లు వైశాఖం, జ్యేష్ఠం దాకా సాగుతాయి. పగలంతా 43, 44 డిగ్రీలు కాసిన ఎండ రాత్రి తొమ్మిదింటికి కూడా తారురోడ్డు మీద సెగలా తగులుతుంటుంది. ఆ సెగలో ఒంటి మీద జరీ గుడ్డలు, జీను, దాని మీద పెళ్లికొడుకు, ముందు డీజే బాక్సులు. రెండు మూడు గంటల బరాత్‌లో గుర్రం ఎంత చెమట కారుస్తుందో, ఆ చెమటతో ఒంట్లో నుంచి ఎంత ఉప్పు పోతుందో లెక్క కట్టేవాళ్లు తక్కువ. అలాగని గుర్రాలను సాకేవాళ్లకు మేత మీద పట్టింపు లేదనడం అన్యాయం. ఉలవలు ఉడకబెడతారు, బెల్లం పెడతారు, చేతిలో డబ్బు ఆడితే నెయ్యి కూడా పోస్తారు. ఉప్పు మాత్రం గుర్తొస్తే గుప్పెడు, లేకపోతే అదీ లేదు.

దీనికి ఒక కారణం ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, టట్టులు కలిపి 3.42 లక్షలే. అంతకుముందు 2012లో 6.25 లక్షలు ఉండేవి. ఏడేళ్లలో దాదాపు సగానికి పడిపోయిన జంతువు కోసం నాగర్‌కర్నూల్ లోనో దేవరకొండ లోనో దాణా దుకాణం ప్రత్యేకంగా సరుకు తెప్పించదు. అక్కడ దొరికేది ఆవులకు, బర్రెలకు చేసిన లవణ మిశ్రమం, పాలు పెరగడానికి పట్టే కాల్షియం డబ్బా, కోళ్ల దాణా. గుర్రం యజమాని అడిగితే వాటిలో ఒకటి చేతిలో పెడతారు. సమస్య ఇక్కడే మొదలవుతుంది. బర్రె కడుపు తీరు వేరు, గుర్రం కడుపు తీరు వేరు. బర్రెకు సరిపోయిన మేత, మందు గుర్రానికి కొన్నిసార్లు పనికిరాదు, కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తుంది.

ముందు ఉప్పు సంగతి. గుర్రం చెమట మన చెమట లాంటిది కాదు. మనిషికి చెమట పట్టినప్పుడు నీళ్లు ఎక్కువ, ఉప్పు తక్కువ పోతాయి. దాంతో రక్తంలో ఉప్పు గాఢత పెరుగుతుంది, మెదడుకు అది తెలిసి దాహం వేస్తుంది. గుర్రం చెమటలో ఉప్పు గాఢత రక్తంలో ఉన్నంతా, ఒక్కోసారి అంతకంటే కాస్త ఎక్కువగా కూడా ఉంటుంది. ఒక లీటరు చెమటలో సుమారు 3 గ్రాముల సోడియం, 5 నుంచి 6 గ్రాముల క్లోరైడ్, ఒకటిన్నర గ్రాముల దాకా పొటాషియం పోతాయి. నీళ్లూ ఉప్పూ జంటగా పోవడంతో రక్తం చిక్కబడిన సంకేతం మెదడుకు సరిగా అందదు. అందుకే బాగా చెమట పట్టిన గుర్రం ముందు బకెట్ పెట్టినా మూతి తడిపి తల తిప్పేసుకుంటుంది. చూసేవాళ్లు దాహం లేదనుకుంటారు. నిజానికి ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి, దాహం పుట్టించాల్సిన ఉప్పు కూడా వాటితో పోయింది. ఉప్పు అందితేనే ఆ గుర్రానికి దాహం తిరిగి వస్తుంది.

మన ప్రాంతపు ఎండలో ఇంకో చిక్కు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగా కనిపిస్తే చెమట పట్టలేదని అర్థం కాదు. జీను కింద వేసే గుడ్డను మర్నాడు పొద్దున ఎండలో పట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అంచుల వెంబడి తెల్లటి చారలు కట్టి, గుడ్డ గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటుంది. పట్టీ ఒరుసుకునే చోట, మెడ మీద, తొడల మధ్య వెంట్రుకలు ఉప్పుతో అంటుకుని ఉంటాయి. ఒరిపిడి ఉన్నచోట లేచే తెల్లటి నురగ చెమటలోని ఒక మాంసకృత్తు వల్ల వచ్చేది. దానికి భయపడాల్సిన పని లేదు. చూడాల్సింది ఆ చారలనే.

ఇక లెక్క. పని లేకుండా నీడలో ఉన్న గుర్రానికి ప్రతి 100 కిలోల బరువుకు రోజుకు 2 గ్రాముల సోడియం కావాలని అంతర్జాతీయంగా వాడే ప్రమాణాలు చెబుతున్నాయి. ఉప్పులో సోడియం 40 శాతం లోపే కాబట్టి అది 5 గ్రాముల ఉప్పుతో సమానం. 250 కిలోల టట్టుకు 12 గ్రాములు, అంటే రెండు టీ చెంచాలు. 400 కిలోల మార్వాడీ గుర్రానికి 20 గ్రాములు. ఇది కనీస లెక్క. ఎండాకాలంలో, పని ఉన్న రోజుల్లో 100 కిలోలకు 10 నుంచి 15 గ్రాముల దాకా పెంచాలి. ఒక బరాత్‌లో ఐదు లీటర్ల చెమట పోయిందనుకున్నా, అందులోని సోడియం ఒక్కటి పూడ్చడానికే 40 గ్రాముల దాకా ఉప్పు కావాలి. దాన్ని ఒక్క పూటలో కుక్కకూడదు. ఆ రోజు, మర్నాడు కలిపి నాలుగైదు పూటల దాణాలో పంచాలి.

బరువు తూచే కాటా అందరికీ అందుబాటులో ఉండదు. దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించాలి. వచ్చినదాన్ని భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా ఉన్న పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. ఛాతీ 150, పొడవు 140 ఉన్న గుర్రం సుమారు 265 కిలోలు. చూపుతో అంచనా వేస్తే చాలాసార్లు తప్పుతుంది, పొట్ట దిగిన గుర్రం విషయంలో మరీను.

మేతలో ఉన్న ఉప్పు చాలదా అనే ప్రశ్న సహజం. చాలదు. వరిగడ్డి, జొన్న చొప్ప, ఉలవలు, తవుడు, వీటిలో దేంట్లోనూ సోడియం చెప్పుకోదగ్గంత ఉండదు. ఆరు కిలోల ఎండుమేతలో 0.05 శాతం సోడియం ఉందనుకున్నా 3 గ్రాములే వస్తుంది. 250 కిలోల టట్టు కట్టుగొయ్య దగ్గర ఊరికే నిలబడినా 5 గ్రాములు కావాలి. పొటాషియం మాత్రం గడ్డిలో దండిగా ఉంటుంది. గుర్రం కడుపునిండా మేస్తుంటే చెమటలో పోయిన పొటాషియం మేతతోనే తిరిగి వస్తుంది. అందుకే ఖరీదైన ఎలక్ట్రోలైట్ పొట్లాల కంటే ముందు మామూలు ఉప్పు సరిగ్గా పెట్టడం ముఖ్యం. మనుషుల ఓఆర్ఎస్ పొట్లం ఒకటి బకెట్‌లో కలిపి పని అయిపోయిందనుకోవడం కూడా ఉంది. లీటరు నీళ్లకు ఒకటి చొప్పున కలిపే ఆ పొట్లంలో సోడియం 1.7 గ్రాములే. గుర్రం ఒక లీటరు చెమటలో పోగొట్టుకున్నదానికే దాదాపు రెండు పొట్లాలు కావాలి.

ఏ ఉప్పు పెట్టాలన్నదాని మీద వాదనలు ఎక్కువ, తేడాలు తక్కువ. దొడ్డుప్పు, వంటింటి ఉప్పు, సైంధవ లవణం అన్నిటిలోనూ అసలు సరుకు సోడియం క్లోరైడే. గులాబీ రంగు రాతి ఉప్పులో ఖనిజాలు ఎక్కువన్న ప్రచారానికి డబ్బు తగలేయాల్సిన పని లేదు. ఆ రంగు ఇచ్చేది ప్రధానంగా ఇనుము, గుర్రానికి ఇనుము కొరత దాదాపు రాదు. అయోడిన్ కలిపిన ఉప్పు వాడితే మంచిదే గానీ దాని మీదే భారం వేయకూడదు. వినియోగదారుడి చేతికి వచ్చేసరికి ఉప్పులో కిలోకు 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. 12 గ్రాముల ఉప్పులో అది 0.2 మిల్లీగ్రాములు కూడా కాదు. 250 కిలోల గుర్రానికి కావాల్సింది 1.75 మిల్లీగ్రాములు.

పశువుల కొట్టంలో వేలాడదీసే ఉప్పు ఇటుక గుర్రానికీ చాలనుకోవడం సరికాదు. బర్రె నాలుక గరుకుగా ఉంటుంది, గుర్రం నాలుక నున్నగా ఉంటుంది. ఇటుకను నాకి చాలినంత ఉప్పు తీసుకోవడం చాలా గుర్రాలకు సాధ్యం కాదు. కొన్ని విసుగుతో ఇటుకనే కొరికేస్తాయి. దంచిన ఉప్పును దాణాలో కలపడం మేలు. మొదటి రోజే మొత్తం కలిపితే దాణా వాసన చూసి వదిలేస్తాయి కాబట్టి అర చెంచాతో మొదలుపెట్టి వారం రోజుల్లో పూర్తి మోతాదుకు తేవాలి. అది కాక ఒక చిన్న గిన్నెలో విడి ఉప్పు నీడపట్టున, వాన తగలని చోట పెడితే అవసరమైనప్పుడు అదే తింటుంది. ఉప్పు విషయంలో గుర్రానికి ఆ తెలివి నిజంగానే ఉంది. కాల్షియం, రాగి, జింక్ లాంటివి కూడా ఒంటికి తక్కువైతే వెతుక్కుని తింటుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. వాటి లెక్క మనిషే చూసుకోవాలి.

నీళ్లు లేకుండా ఉప్పు పెట్టడం ప్రమాదం. కావలసినన్ని నీళ్లు అందుబాటులో ఉంటే ఎక్కువైన ఉప్పు మూత్రంలో పోతుంది. నీళ్లు లేకపోతే అదే ఉప్పు విషమవుతుంది. బకెట్‌లో ఉప్పు కలిపి తాగించాలనుకుంటే పక్కన మంచినీళ్ల బకెట్ తప్పకుండా ఉండాలి. ఉప్పునీళ్లు నచ్చక గుర్రం అసలు తాగడమే మానేస్తే మొదటికే మోసం. నీళ్లు తగ్గాయా లేదా అన్నది చిగుళ్ల దగ్గర తెలుస్తుంది. పైపెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్లీ ఎర్రదనం రావాలి. చిగురు తడిగా, జారుడుగా ఉండాలి. వేలికి జిగటగా అంటుకుంటే, రంగు రావడం ఆలస్యమైతే ఆ రాత్రి రెండో బరాత్ ఒప్పుకోకూడదు. ఎంత డబ్బు ఇస్తామన్నా ఆ మాట గట్టిగా చెప్పగలగాలి.

బోరు నీళ్లే ఉప్పగా ఉండే ఊళ్లు నల్లగొండ, గద్వాల వైపు ఉన్నాయి. అక్కడ నీళ్లతోనే కొంత సోడియం అందుతుంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల సోడియం ఉన్న నీళ్లను రోజుకు 30 లీటర్లు తాగితే 6 గ్రాములు అక్కడే వచ్చేసినట్టు. అలాంటి చోట ఉప్పు కాస్త తగ్గించుకోవచ్చు. నీటి పరీక్ష చేయించకుండా నాలుకతో తేల్చడం మంచిది కాదు. పైగా ఈ ప్రాంతంలో నీటి పరీక్ష అవసరమయ్యేది ఉప్పు కంటే పెద్ద కారణానికి. ఆ ఫ్లోరైడ్ విషయం కాసేపట్లో.

ఉప్పు తర్వాత చూడాల్సింది కాల్షియం, ఫాస్ఫరస్ పొత్తు. మన దగ్గర గుర్రాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే అనిపిస్తుంది, ఎందుకంటే దీని లక్షణాలు చాలా ఆలస్యంగా బయటపడతాయి. గుర్రం మేతలో ఫాస్ఫరస్ ఒక వంతు ఉంటే కాల్షియం ఒకటిన్నర నుంచి రెండు వంతులు ఉండాలి. ఏ పరిస్థితిలోనూ కాల్షియం కంటే ఫాస్ఫరస్ ఎక్కువ కాకూడదు. ఇప్పుడు మన ఊళ్లలో మామూలుగా వేసే మేతను లెక్క కడదాం. 250 కిలోల టట్టుకు నాలుగు కిలోల వరిగడ్డి, రెండు కిలోల గోధుమ పొట్టు. వరిగడ్డిలో కాల్షియం సుమారు 12 గ్రాములు, ఫాస్ఫరస్ 3 గ్రాములు వస్తాయి. పొట్టులో కాల్షియం రెండున్నర గ్రాములే, ఫాస్ఫరస్ మాత్రం 22 గ్రాముల దాకా. మొత్తం కలిపితే కాల్షియం 14 గ్రాముల పైచిలుకు, ఫాస్ఫరస్ 25 గ్రాములు. ఆ టట్టుకు రోజుకు కావాల్సిన కాల్షియం 10 గ్రాములు, ఫాస్ఫరస్ 7 గ్రాములు. కాగితం మీద చూస్తే కాల్షియం చాలినట్టే ఉంది. పొత్తు మాత్రం తలకిందులైంది. అంత ఫాస్ఫరస్ పేగుల్లో ఉన్నప్పుడు కాల్షియం ఒంటికి సరిగా పట్టదు. తవుడు వాడినా ఇదే కథ, దాంట్లో ఫాస్ఫరస్ ఇంకా ఎక్కువ.

అప్పుడు ఒళ్లు ఏం చేస్తుంది? రక్తంలో కాల్షియం తగ్గితే గుండె ఆడదు కాబట్టి ఎముకల్లో నుంచి తీసి రక్తంలో కలుపుతుంది. నెలల తరబడి ఇలా జరిగితే ఎముకలు గుల్లబారతాయి. మొదట ఈ కాలు ఆ కాలు అని తేలని కుంటు వస్తుంది. ఒకరోజు ముందుకాలు, ఇంకోరోజు వెనకకాలు. నాలు (గిట్టకు కొట్టే లాడం) కొట్టడంలో తప్పు జరిగిందనుకుని నాలు మారుస్తారు. తర్వాత దంతాలు కదులుతాయి, మేత నమలడం నెమ్మదిస్తుంది. చివరికి కళ్ల కింద, దవడల పైన ముఖపు ఎముకలు ఉబ్బుతాయి. అందుకే ఇంగ్లిష్ వైద్యులు దీన్ని బిగ్ హెడ్ అన్నారు. పొట్టు తెగ తినే పిండిమర గుర్రాలకు ఎక్కువగా వచ్చేది కాబట్టి ఒకప్పుడు బ్రాన్ డిసీజ్ అని కూడా పిలిచేవారు. ఇందులో మోసం చేసే సంగతి ఏమిటంటే, రక్త పరీక్షలో కాల్షియం చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది. రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండడానికి లేదు. మేత లెక్క చూడాల్సిందే.

దీనికి తోడు నేపియర్ గడ్డి. పాడి కోసం పెంచే సూపర్ నేపియర్ ఇప్పుడు పాలమూరు పల్లెల్లో బోరు ఉన్న చాలా చోట్ల కనిపిస్తోంది. పక్కింటి బర్రెలకు కోసిన పచ్చిగడ్డిలో నుంచే గుర్రానికీ ఒక మోపు పడుతుంది. నేపియర్‌లో, వరిగడ్డిలో ఆక్సలేట్లు ఉంటాయి. అవి కాల్షియాన్ని పట్టుకుని వదలవు. బర్రె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఆ ఆక్సలేట్లను చాలావరకు విరగ్గొట్టేస్తాయి కాబట్టి దానికి పెద్ద బెడద లేదు. గుర్రానికి ఆ పెద్దపొట్ట లేదు. కాల్షియం ఒంటికి పట్టాల్సిన చిన్నపేగు దాటాకే దాని సూక్ష్మజీవుల పని మొదలవుతుంది. అప్పటికే ఆలస్యం అవుతుంది. అంజన్ గడ్డి, గినీ గడ్డి, పారా గడ్డి విషయంలోనూ ఇదే జాగ్రత్త. పక్క కొట్టంలో బర్రె నిగనిగలాడుతూ తినే గడ్డి గుర్రం ఎముకను తినేయడం అంటే ఇదే.

దీనికి విరుగుడు కూడా ఈ నేలలోనే ఉంది, సంతోషించాల్సిన విషయం. వేరుశనగ పాలమూరు పంట. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు యాసంగి పల్లి పీకాక కట్టె కుప్పలు కుప్పలుగా ఉంటుంది. పల్లికట్టెలో కాల్షియం ఒక శాతం చుట్టుపక్కల ఉంటుంది. వరిగడ్డికి బదులు రెండు మూడు కిలోల పల్లికట్టె వేస్తే పొత్తు దానంతట అదే సరిపడుతుంది. ఒక్క షరతు, బూజు పట్టనిదై ఉండాలి. వానకు తడిసి నల్లబడిన కట్టె, ముక్క వాసన వచ్చే కట్టె ఎంత చౌకైనా గుర్రం ముందు వేయకూడదు. వేళ్లకు అంటిన మట్టి దులపకపోతే ఇసుక కడుపులో చేరి నొప్పి తెస్తుంది, కాబట్టి కట్టెను దుక్కి మట్టితో సహా నేల మీద పరచకుండా దులిపి తొట్టిలో వేయాలి. లూసర్న్ దొరికితే అదీ మంచిదే, దశరథ గడ్డీ పనికొస్తుంది. సుబాబుల్ మాత్రం వద్దు. మేకలు ఇష్టంగా తినే ఆ ఆకులోని మిమోసిన్ అనే పదార్థం వల్ల గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. బరాత్ గుర్రానికి అంతకంటే నష్టం ఏముంటుంది.

పల్లికట్టె దొరకనప్పుడు పశువుల దాణాలో వాడే సున్నపురాయి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్, కలపాలి. అందులో కాల్షియం 38 శాతం. పై ఉదాహరణలోని టట్టుకు రోజుకు 50 గ్రాములు కలిపితే మరో 19 గ్రాముల కాల్షియం వచ్చి మొత్తం 33 దాటుతుంది, ఫాస్ఫరస్ 25 దగ్గరే ఉంటుంది. పొట్టును రెండు కిలోల నుంచి ఒక కిలోకు తగ్గించి ఆ లోటును ఉలవలతో పూడిస్తే ఇంకా బాగుంటుంది. దుకాణంలో కాల్షియం అని అడిగితే తరచుగా డీసీపీ, అంటే డైకాల్షియం ఫాస్ఫేట్, చేతికిస్తారు. దాంట్లో కాల్షియంతో పాటు 18 శాతం ఫాస్ఫరస్ ఉంటుంది. ఇప్పటికే ఫాస్ఫరస్ ఎక్కువై బాధపడుతున్న గుర్రానికి అది మందు కాదు. పాలిచ్చే పశువులకు పట్టే కాల్షియం సీసాల్లోనూ చాలావాటిలో ఫాస్ఫరస్ కలిసే ఉంటుంది, లేబుల్ చదివి తీసుకోవాలి. ఇంట్లో ఉందని తాంబూలం సున్నం, గోడలకు వేసే సున్నం కలిపితే నోరు, గొంతు పొక్కిపోతాయి. సున్నపురాయి పొడి వేరు, ఆ సున్నం వేరు.

ఇప్పుడు ఫ్లోరైడ్. నల్లగొండ పేరు చెబితే దేశమంతా గుర్తొచ్చే బాధ ఇది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు రెండు మూడు తరాల మనుషుల నడుములు, కాళ్లు వంగిపోయాయి. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. మిషన్ భగీరథ నల్లాలతో కృష్ణా నీళ్లు ఇళ్లలోకి వచ్చాక మనుషులకు ఊరట కలిగింది. కొట్టంలోని గాబు మాత్రం చాలా చోట్ల ఇప్పటికీ బోరు నీళ్లతోనే నిండుతోంది. ఫ్లోరైడ్ బాధ పశువులకూ వస్తుంది, గుర్రాలూ అందుకు మినహాయింపు కాదు.

గుర్రం మొత్తం మేతలో కిలో ఎండు పదార్థానికి 40 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరిన్‌ను తట్టుకోగలదని పోషణ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆరు కిలోల మేత తినే టట్టుకు అది రోజుకు 240 మిల్లీగ్రాములు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను ఎండాకాలంలో 30 లీటర్లు తాగితే 90 మిల్లీగ్రాములు నీళ్లతోనే వచ్చేస్తాయి. అంటే తట్టుకునే శక్తిలో మూడో వంతుకు పైగా మేత ముట్టకముందే అయిపోయింది. ఈ స్థితిలో దాణాలో కలిపే ఖనిజాల పొడిలో ఫ్లోరిన్ ఎంతుందన్నది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఎరువుగా వాడే రాక్ ఫాస్ఫేట్‌లో ఫ్లోరిన్ 3 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. దాణాకు వాడే డీసీపీలో దాన్ని తొలగిస్తారు. పశువుల లవణ మిశ్రమాలకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 1664 కింద ఫ్లోరిన్‌కు గరిష్ఠ పరిమితి పెట్టింది ఇందుకే. ఐఎస్ఐ గుర్తు లేని సంచి, విడిగా తూచి ఇచ్చే తెల్లపొడి ఈ జిల్లాల్లో అసలే కొనకూడదు. మిగతా చోట్ల అది డబ్బు దండగ మాత్రమే కావచ్చు, ఇక్కడ ఎముకలకు దెబ్బ.

ఫ్లోరైడ్ ఎక్కువైతే పెరిగే వయసు గుర్రప్పిల్లల దంతాల మీద గోధుమరంగు మచ్చలు, గుంటలు వస్తాయి. గుర్రానికి ముందుపళ్లు నాలుగున్నరేళ్ల వయసు దాకా ఒక్కో జత మారుతుంటాయి కాబట్టి ఆ లోపు తాగిన నీళ్లే పళ్ల మీద కనిపిస్తాయి. పెద్దయ్యాక మహారాష్ట్ర నుంచో కర్ణాటక నుంచో కొని తెచ్చిన గుర్రం పళ్లు తెల్లగానే ఉంటాయి. వాటిని చూసి నీళ్లు మంచివని తేల్చుకోకూడదు. దాని విషయంలో కీళ్ల బిగుసుదనం, కాళ్ల ఎముకల మీద గడ్డలు గమనించాలి. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైనంత మేర ఇంకా చిక్కబడుతుంది. నల్లా నీళ్లు గుర్రానికి కూడా పట్టడం మొదటి మార్గం. అన్ని నీళ్లు దొరకకపోతే బోరు నీళ్లలో సగానికి సగం నల్లా నీళ్లు కలిపినా భారం ఆ మేరకు తగ్గుతుంది. మేతలో కాల్షియం తగినంత ఉంటే పేగుల్లో ఫ్లోరైడ్ పట్టడం కొంత తగ్గుతుంది, కాబట్టి పల్లికట్టెకు ఇక్కడ రెండో ఉపయోగం కూడా ఉంది.

సూక్ష్మ ఖనిజాల్లో మన నేలలకు సంబంధించి చెప్పుకోవాల్సింది జింక్. తెలంగాణ నేలల్లో జింక్ లోపం వరి రైతులకు ఎప్పటి నుంచో తెలిసిందే. నేలలో తక్కువైతే మేతలోనూ తక్కువే. 500 కిలోల గుర్రానికి రోజుకు జింక్ 400 మిల్లీగ్రాములు, రాగి 100 మిల్లీగ్రాములు కావాలి. సగం బరువున్న టట్టుకు సగం. వీటి కోసం ఐఎస్ఐ గుర్తున్న పశువుల లవణ మిశ్రమాన్ని వాడుకోవచ్చు గానీ, అది కూడా ఫాస్ఫరస్ ఉన్నదే అని గుర్తుంచుకుని మొత్తం లెక్కలో కలపాలి. మోతాదు పశువైద్యుడితో ఖాయం చేసుకోవడం మంచిది. ఇనుము టానిక్కులు మాత్రం అనవసరం. ఎర్ర చల్క నేలల మట్టి అంటిన మేతలోనే ఇనుము కావాల్సినంత ఉంటుంది, ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి గుర్రం ఒంట్లో లేదు.

సెలీనియం ఇంజక్షన్లు, పొడులు ఎవరో చెప్పారని వాడడం మహా ప్రమాదం. 500 కిలోల గుర్రానికి రోజుకు కావాల్సింది ఒక్క మిల్లీగ్రాము. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒకే పోలో జట్టుకు చెందిన 21 గుర్రాలు కొన్ని గంటల వ్యవధిలో చనిపోయాయి. వాటికి ఇచ్చిన విటమిన్, ఖనిజ ఇంజక్షన్‌లో సెలీనియం మోతాదు తప్పడమే కారణమని తేలింది.

దానికంటే మన ఊళ్లకు దగ్గరగా ఉన్న ప్రమాదం కోళ్ల దాణా. షాద్‌నగర్ చుట్టుపక్కల కోళ్ల ఫారాలు ఎక్కువ, మిగిలిన దాణా చౌకగా దొరుకుతుంది, మాంసకృత్తులు బాగుంటాయన్న పేరు కూడా ఉంది. కోళ్లకు రక్తపు విరేచనాలు రాకుండా కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు గుర్రం గుండె కండరాన్ని నాశనం చేస్తాయి. కిలో బరువుకు రెండు మూడు మిల్లీగ్రాముల మోనెన్సిన్ చాలు, గుర్రం చనిపోవడానికి. కోడి, ఆవు తట్టుకునే మోతాదులో పదో వంతు కూడా దీనికి ఎక్కువే కావచ్చు. కొన్ని పశువుల దాణాల్లోనూ మోనెన్సిన్ కలుపుతారు. అలాంటి దాణా తిన్న గుర్రం మేత మానేసి, చెమటలు పట్టి, వెనకకాళ్లు తడబడుతుంటే కడుపునొప్పి అనుకుని ఇంటి మందులతో పొద్దు గడపకుండా వెంటనే సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయాలి, తిన్న దాణా సంచి వైద్యుడికి చూపించాలి. యూరియా కలిపిన బెల్లం ఇటుకలు కూడా నెమరువేసే పశువుల కోసం చేసినవి, వాటి వల్ల గుర్రానికి ఒరిగేదేమీ లేదు.

ఉప్పు మొదలుపెట్టిన వారం పది రోజుల్లో గుర్రం నీళ్లు ఎక్కువ తాగడం, కొట్టం తడిగా ఉండడం కనిపిస్తుంది. అది జబ్బు కాదు, ఇన్నాళ్లూ తాగాల్సినన్ని తాగలేదన్నమాట. గోడలు నాకడం, మట్టి తినడం తగ్గవచ్చు. తగ్గకపోతే పళ్లు, పురుగులు, మేత చాలకపోవడం లాంటి కారణాలు వెతకాలి. ఎముకలు కోలుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. గిట్టలకైతే ఇంకా ఎక్కువ. గిట్ట పైఅంచు దగ్గర పుట్టిన కొమ్ము కింద నేలను తాకడానికి 9 నుంచి 12 నెలలు కావాలి. నెల రోజుల్లో గిట్టలు గట్టిపడతాయని చెప్పి అమ్మే డబ్బా ఏదైనా, ఆ మాట అబద్ధం. ఈ సంక్రాంతికి మేత సరిచేసినవాళ్లు వచ్చే సంక్రాంతికి నాలు కొట్టించేటప్పుడు, మేకు దిగే చోట గిట్ట పెచ్చులూడుతోందో లేదో చూసుకోవాలి.